మందం ఎక్కువైన చోట

జూన్ 3

మా ఆవిడ కొత్త పూత వేసిన ఇనప ప్లేటు ఈరోజు ఓవెన్‌లోంచి బయటికొచ్చింది. మాడలేదు, పగల్లేదు, అంచులు లేవలేదు. ల్యాబ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

జూన్ 4

నిన్న రెండు ముక్కలు రాసి మూసేశాను. ఇంకేం రాసినా కుళ్ళుకుంటున్నట్టే ఉంటుందనిపించింది. కానీ దీన్ని నేను తప్ప ఎవరూ చదవరు కదా, ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. నాకు అసూయ ఏమీ లేదు. కట్టుకున్న భార్య మీద అసూయపడే రకం కాదు నేను. నా బాధల్లా ఒకటే. ఈ పని నాది.

గాజు సీసాల ఫ్యాక్టరీవాళ్ళు తమ పొగగొట్టాలకి పైపూత కావాలని వచ్చినప్పుడు పెద్దసారు పిలిచింది నన్ను. ల్యాబ్ మొత్తానికీ పెద్ద ఆయన. ఆయన పిలిచారంటే పని అప్పగించినట్టే. మూడు వందల డిగ్రీల వేడికి నిలబడాలి, బట్టీ మంట తగ్గించినా పెంచినా పగలకూడదు అన్నాడు ఫ్యాక్టరీ ఇంజనీరు. పాత పూత పెచ్చులూడి, కింద పనిచేసేవాళ్ళ మీద కాలుతూ పడుతోందట. ఒకతనికి మెడ దగ్గర బొబ్బలెక్కాయట.

ఎపాక్సీ ఒక్కటే పూస్తే ఇనుముని ఉడుంపట్టు పడుతుంది గానీ రెండొందలు దాటేసరికి నల్లగా మాడుతుంది. సిలికోన్ ఒక్కటే పూస్తే వేడికి చలించదు గానీ గోరుతో గీకినా ఊడొస్తుంది. రెండూ కలిపి ఒక్క రెసిన్, అంటే పూతకి అసలు జిగురు, చేయాలి. అది గట్టిపడ్డాక దీని పట్టూ ఉండాలి, దాని ఓర్పూ ఉండాలి. ఒకే డబ్బాలో పోస్తే మాత్రం కాసేపటికి ఎవరి దారిన వాళ్ళు విడిపోతారు. దీని మీద రెండేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. పాళ్ళు మార్చాను, జిగురుని గట్టిపరిచే హార్డెనర్లు మార్చాను. నా ప్లేట్లలో బాగా వచ్చిందనుకున్నది కూడా ఓవెన్‌లో గోధుమరంగుకి తిరిగి, చల్లారగానే నెర్రెలు విచ్చింది.

ఆమె పక్క గదిలో మోటారు కాయిల్స్‌లో పోసే రెసిన్ చూసుకునేది. పాప పుట్టాక మానేసింది, మళ్ళీ చేరి ఎంతో కాలం కాలేదు. చలికాలంలో ఒకరోజు పెద్దసారు, "అమ్మా, తీరికున్నప్పుడు ఇందులో నువ్వూ ఒక చెయ్యి వెయ్యి" అన్నారట. నాతో ఒక్క మాట అనలేదు. ఆమె చేసిందల్లా, ఆ రెండింటినీ ఊరికే కలపడం మానేసి, ముందే సన్నటి వేడి మీద ఒకదాన్నొకటి పట్టుకునేదాకా ఉడికించడం. ఇక విడిపోవడమన్న మాటే లేదు. వింటే ఎంత మామూలుగా ఉందో! నాకు తట్టక కాదు. మొదటి ఏడే తట్టింది. పాత్రలోనే గడ్డకట్టి కూర్చుంటుందని భయపడి వదిలేశాను.

తట్టింది అని ఎవరితో చెప్పినా నవ్వుతారు.

జూన్ 6

అమ్మ ఫోన్ పట్టుకుని చుట్టాలందరికీ వరసపెట్టి చెబుతోంది. "మా కోడలు నిప్పుకి కాలని రంగు కనిపెట్టిందే!"

"రంగు కాదమ్మా, రెసిన్" అన్నాను.

"ఏదో ఒకటిలేరా. కాలదా, కాలుతుందా?"

"కాలదు."

"మరింకేం."

అవతల ఎవరో నా సంగతి అడిగినట్టున్నారు. "ఆఁ, వాడూ అదే చేస్తున్నాడు పాపం" అంది.

పాపం! కన్నతల్లి!

జూన్ 9

పొద్దున ఇంట్లో "ఏమండీ, గ్యాస్ కట్టేశారా?" అని అడిగిన మనిషే ల్యాబ్‌లో అడుగుపెట్టగానే "సార్, ఈ రీడింగులు ఒకసారి చూస్తారా?" అంటుంది. మొదట్లో తమాషాకి మొదలైంది, అలాగే ఉండిపోయింది. నాకు ముచ్చటగా ఉండేది. ఈమధ్య ఆ 'సార్' వెనక ఇంకేదో వినిపిస్తోంది. లేదు. ఏమీ వినిపించడం లేదు.

ఆ రీడింగులు చూశాను. గట్టిపడిన రెసిన్ చిటికెడు తీసి బుల్లి గిన్నెలో పెట్టి, వేడి పెంచుకుంటూ పోతే బరువు ఎంత తగ్గుతుందో గీసి చూపించే మిషను ఉంది మా దగ్గర. నా రెసిన్ గీత ఎప్పుడూ మేడ మీంచి జారిపడ్డట్టు ఉంటుంది. ఆమెది మూడొందల యాభై దాకా చాప పరిచినట్టు ఉంది.

"తప్పేమైనా కనిపిస్తోందా?" అంది.

"బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుందనే."

కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

జూన్ 11

చెప్పాను కదా, అసూయ కాదు.

జూన్ 13

పాప భోజనాల దగ్గర అడిగింది. "నాన్నా, అమ్మది కాలలేదంటగా. మరి నీదెందుకు కాలింది?"

"నాదీ కాలలేదు. కొంచెం రంగు మారింది."

"అంటే కాలినట్టేగా?"

వంటింట్లోంచి ఆమె గొంతు. "నాన్న ముందు అన్నీ చేసి చూశాడు గనకే ఏది కాలుతుందో నాకు తెలిసింది."

అది నన్ను వెనకేసుకొచ్చినట్టా, పొడిచినట్టా? నాలుగు మెతుకులు కతికి లేచిపోయాను. "అదేంటి, అప్పుడే అయిపోయిందా?" అంది అమ్మ. కడుపు నిండింది అన్నాను.

జూన్ 16

ఇంజనీరు తన మనుషులతో వచ్చే వారం బుధవారం వస్తున్నాడు. రెసిన్ గురించి ఆమె చెబుతుంది. పెద్దసారు నన్ను పిలిచి, "నువ్వు పక్కనుండి చూసుకోవయ్యా" అన్నారు. రెండేళ్ళ పని, ఇప్పుడు నేను పక్కనుండాలి!

ఒకటి మాత్రం నిజం. ఆమె రెసిన్‌ని ఎవరూ గట్టిగా నిలదీయలేదు. బాగా వచ్చిందని అందరూ మురిసిపోవడమే. ఎవరో ఒకరు నాలుగు దెబ్బలు కొట్టి చూడాలి. అది ఆమె మేలుకే. అందరూ క్యాంటీన్‌కి వెళ్ళాక ఆమె డబ్బాలోంచి కొంచెం తీసుకుని ప్లేట్లు పూశాను.

జూన్ 17

మూడొందల ఓవెన్‌లోంచి తీసి చన్నీళ్ళలో ముంచాను. చుయ్యిమంది. తుడిచి చూస్తే ఏమీ కాలేదు. మళ్ళీ కాల్చి ముంచాను. కత్తితో గళ్ళు గీసి, టేపు అంటించి లాగాను. టేపుకి రవ్వ కూడా రాలేదు. వంచాను. వంగింది.

ఎంత మొండి ఘటం! రెసిన్ సంగతే.

జూన్ 18

దొరికింది.

మేము ల్యాబ్‌లో ప్లేట్లన్నీ పల్చగా, ఒకే మందంలో పూస్తాం. సైట్‌లో అలా ఉండదు. పనివాడు బ్రష్‌తో వేస్తాడు. వెల్డింగ్ అతుకుల మీద, మూలల్లో, చెయ్యి ఆగిన ప్రతిచోటా ఇంకో రెండుసార్లు రుద్దుతాడు. అక్కడ మందం రెట్టింపు దాటుతుంది. నేనూ అంత మందం పూసి, ఆరాక తీసుకెళ్ళి నేరుగా మూడొందల ఓవెన్‌లో పెట్టాను. తీసి చూస్తే నిండా పొక్కులు. వేలుపెట్టి నొక్కితే పెంకులా విరిగింది.

కారణం నాకు తెలుసు. గట్టిపడేటప్పుడు ఈ రెసిన్ లోపలినుంచి ఆల్కహాలు ఆవిరై బయటికి పోవాలి. పూత పల్చగా ఉంటే పోతుంది. మందంగా ఉంటే పైపొర ముందే బిగుసుకుని తలుపు మూసేస్తుంది. లోపల చిక్కుకున్న ఆవిరి, వేడి తగలగానే పొంగుతుంది.

ఎంత సంతోషం వేసిందో రాయడానికి సిగ్గుగా ఉంది. కాబట్టి రాయను.

సాయంత్రం స్కూటర్ మీద వస్తుంటే ఈల వేశానట. "ఏంటి, ఇవాళ ఇంత హుషారు?" అంది వెనకనించి. ఏం లేదన్నాను. నా భుజం మీద గడ్డం ఆనించింది. "మీరు ఈల వేసి ఎన్నాళ్ళయిందో" అంది.

జూన్ 19

ఈరోజు చెప్పేస్తాను.

జూన్ 20

తలనొప్పిగా ఉందని తొందరగా పడుకుంది. రేపు చెబుతాను.

జూన్ 22

ఆదివారం. అమ్మనీ పాపనీ సోఫాలో కూర్చోబెట్టి, బుధవారం చెప్పబోయేదంతా వాళ్ళకి చెప్పి చూసుకుంది. పాప చెయ్యెత్తి మరీ ప్రశ్నలు వేసింది. అమ్మ ఏమీ అర్థం కాకపోయినా ప్రతి మాటకీ తలూపింది.

నేను పేపర్ చదువుతున్నాను. నా దగ్గరికొచ్చి కూర్చుంది. "మీరు చెప్పండి. వాళ్ళు ఏం అడుగుతారు?"

"ఏం అడిగినా నీ దగ్గర జవాబుందిగా."

"అలా అనకండి. నాకు భయంగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత నలుగురి ముందు నిలబడటం. ఏదో ఒకటి చూసుకోకుండా వదిలేశానేమోనని గుండెల్లో పీకుతోంది."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె అడిగింది వాళ్ళేం అడుగుతారని. రెసిన్‌లో లోపం ఏమిటని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి.

"ఏం కాదులే" అన్నాను.

జూన్ 23

బాగా ఆలోచించాను. లోపం ఎవరి రెసిన్‌లో ఉన్నా కొనేవాడికి తెలియాలి. అది వాళ్ళ హక్కు. అందరి ముందూ చెప్పడమే పద్ధతి. ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య గుసగుసలాడుకునే విషయం కాదిది. ఎల్లుండి ప్లేటు తీసుకెళ్తాను. నా స్థానంలో ఎవరున్నా ఇదే చేస్తారు.

జూన్ 25

చేశాను.

ఆమె బాగా చెప్పింది. మొదట తడబడింది, తర్వాత నిలదొక్కుకుంది. ఇంజనీరు ముందుకు వంగి వింటున్నాడు. పెద్దసారు తన కూతురు పరీక్ష పాసైనట్టు కూర్చున్నారు. అప్పుడు నేను లేచాను. "ఒక చిన్న విషయం" అని సంచిలోంచి ప్లేటు తీసి బల్ల మధ్యలో పెట్టాను. "సైట్‌లో అతుకుల దగ్గర మందంగా పడితే పరిస్థితి ఇదీ."

ఇంజనీరు ప్లేటు అందుకుని అటూ ఇటూ తిప్పాడు. ఒక పొక్కు చిట్లి పెంకు బల్ల మీద పడింది. ఈ క్షణం గురించి ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఊహలో ఆమె మొహం పాలిపోయేది, నేను ఓదార్చేవాణ్ణి.

ఇంజనీరు మామూలుగానే అడిగాడు. "ఇదెప్పుడు చేశారు సార్?"

నోట్లోంచి నిజమే వచ్చింది. "పోయిన బుధవారం."

"ఓహో" అన్నాడు. నా వైపు చూసి, ఆమె వైపు చూశాడు. మేమిద్దరం భార్యాభర్తలమని పెద్దసారు పరిచయంలోనే చెప్పి ఉన్నారు. గదిలో ఒక్కొక్కరికీ అర్థమవుతూ ఉండటం కళ్ళతో చూశాను. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఆమె ప్లేటు తీసుకుంది. వెలుతురుకి పట్టుకుని చూసింది.

"మందం ఎంత సార్?"

చెప్పాను.

"వేడి మెల్లగా పెంచారా, ఒక్కసారే పెట్టారా?"

"ఒక్కసారే."

ఆమె ఇంజనీరు వైపు తిరిగింది. "సార్ చూపించింది నిజమేనండీ. నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. ఇప్పుడున్న రెసిన్ ఇలాగే మీ గొట్టానికి పూస్తే అతుకుల దగ్గర లేచిపోతుంది. మీ బట్టీ మంట మెల్లగా పెంచగలరా? వంద దాటాక కాసేపు అక్కడే నిలపగలరా?"

"రోజంతా నిలపమన్నా నిలుపుతామండీ."

"అయితే నాకు కొంచెం టైమివ్వండి. మందంగా పడ్డా నిలిచేలా చేసి చూపిస్తాను. కుదరకపోతే కుదరలేదని చెప్పేస్తాను."

"తీసుకోండి మేడమ్" అన్నాడు ఇంజనీరు. "సరుకులో లోపం వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను."

వెళ్ళేటప్పుడు ఆమెకి నమస్కారం పెట్టాడు. నాకూ పెట్టాడు. నా మొహం చూడలేదు.

సాయంత్రం స్కూటర్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. బస్సులో వెళ్ళిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు.

జూన్ 26

పొద్దున పాప స్కూల్‌కి వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలు సర్దుతోంది.

"అది నా డ్యూటీ. ఎవరైనా చెప్పాల్సిందే" అన్నాను.

"అవును. చెప్పాల్సిందే."

"మరి?"

చెయ్యి తుడుచుకుని తిరిగింది. "నాకు కోపం పొక్కుల గురించి కాదండీ. ఆదివారం నాకు భయంగా ఉందని మీతో అన్నాను. అప్పటికి మీకు తెలుసు."

పక్కనున్న గ్లాసు తీసి మళ్ళీ అక్కడే పెట్టాను.

"తెలిసి నా ఎదురుగా కూర్చుని భోంచేశారు. ఏం కాదులే అన్నారు. ఆ రోజు బండి మీద ఈల వేశారు చూడండీ, అది దీనికేనా?"

"కాదు" అన్నాను. ఆమె నమ్మలేదు. నమ్మడానికేముంది.

"నా ప్లేటు నిలబడ్డ రోజు మీ మొహమే చూశాను నేను. అందరికంటే ముందు మీ మొహమే చూశాను. చప్పట్లు కొట్టారు. చేతులు మాత్రమే కొట్టాయి. పోనీలే, రెండేళ్ళు కష్టపడ్డ మనిషి, మనసు కుదుటపడటానికి టైం పడుతుంది అనుకున్నాను. మీ ప్లేట్లు పగిలినప్పుడల్లా నేను ఎంత బాధపడ్డానో మీకు తెలుసా? మీకెందుకు తెలుస్తుంది. నేను మీకు చెప్పలేదుగా, మీరు చిన్నబుచ్చుకుంటారని."

అమ్మ గుమ్మంలోకి వచ్చి, మా మొహాలు చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

జూన్ 28

ఆమె పాప గదిలో పడుకుంటోంది. పాపకి పీడకలలు వస్తున్నాయని అమ్మతో చెప్పింది. పాపకి ఏ కలలూ రావడం లేదు.

జూన్ 30

అమ్మ పక్కకి పిలిచి, "ఏం చేశావురా?" అంది. ఏం జరిగింది అనలేదు. ఏం చేశావు అంది.

"ఆఫీసు గొడవలే అమ్మా."

"ఆఫీసు గొడవైతే అది నాతో చెప్పేది. అది నోరు విప్పడం లేదంటే నిన్ను కాపాడుతోందనే."

జూలై 1

పెద్దసారు పిలిచారు. కేకలు వేస్తారనుకున్నాను. వేస్తే బాగుండేది.

"నువ్వు ఆలోచించింది సరైన పరీక్షయ్యా. మా ఎవరికీ తట్టలేదు. ఆ రోజు సాయంత్రమే ఆమెకి చెప్పుంటే ఈ రెసిన్ మీద మీ ఇద్దరి పేర్లూ వేసేవాణ్ణి." ఫైలు మూసి, "ఇకనించి ఈ పని ఆమెది. నువ్వు కాయిల్స్ రెసిన్ చూసుకో" అన్నారు.

ఆమె గది నాకిచ్చారు. నా గది ఆమెకి. సామాన్లు మోసుకుంటూ వరండాలో ఎదురుపడ్డాం. ఆమె గోడవైపు జరిగి దారిచ్చింది. "థాంక్స్" అన్నాను, బయటి మనిషితో అన్నట్టు.

జూలై 4

రాత్రి దాకా నా గదిలో లైటు వెలుగుతూనే ఉంటోంది. ఆమె గదిలో. అలవాటు పోవడం లేదు.

జూలై 8

అద్దాల తలుపులోంచి ఆమె పని కనిపిస్తుంది. సిలికోన్ పాళ్ళు కొంచెం తగ్గించిందట, అందులో సన్నటి అభ్రకం రేకుల పొడి కలిపిందట, ఆవిరి పక్కనుంచి జారిపోయేలా. వంద డిగ్రీలు దాటాక పూటంతా నిలిపి, అక్కణ్ణించి మెట్లు మెట్లుగా పెంచుతోందట. ఇదంతా నాతో చెప్పలేదు. క్యాంటీన్‌లో పక్క బల్ల దగ్గర వేరేవాళ్ళతో చెబుతుంటే విన్నాను. ఆమె నవ్వుతోంది. ఇంట్లో నవ్వడం లేదు.

ఇక్కడ ఒక మాట రాయాలి. నాకు కడుపు మండుతోంది. ఆమె రెసిన్ చూసి, ఆమె మాటలు వినేవాళ్ళని చూసి, కుదరకపోతే కుదరలేదని చెప్పేస్తాను అనగల ఆ నోరు చూసి. నాకా నోరు లేదు. రెండేళ్ళలో ఒక్కరోజు కూడా పెద్దసారుతో ఇది నావల్ల కావడం లేదు అనలేకపోయాను.

ఇన్నాళ్ళూ కాదు కాదని రాసిన మాటే. అసూయ.

జూలై 12

ఫ్యాక్టరీలో పరీక్షకని ముందు ఒక చిన్న పొగగొట్టానికి పూత వేశారు. ఆమె అక్కడే ఉంటోంది. మసి మొహంతో సాయంత్రం వస్తుంది, స్నానం చేసి పాపకి లెక్కలు చెబుతుంది. సోమవారం మంట పెడతారు.

జూలై 14

కాయిల్స్ గదిలో కూర్చున్నానన్న మాటే గానీ పని లేదు, పాడు లేదు. అతుకుల దగ్గర లేచిందా, లేవలేదా? మధ్యాహ్నానికి మూడొందలకి చేరి ఉంటుంది. ఆమెకి ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. పెద్దసారు గది ముందునించి ఊరికే రెండుసార్లు నడిచాను.

సాయంకాలం ఆయనే బయటికొచ్చారు. "నిలబడిందయ్యా! ఒక్క పొక్కు లేదట!" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

ఉన్నదున్నట్టు రాస్తాను. ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది. లేచిపోయిందని వినడానికి పొద్దుటినుంచీ కూర్చున్నానని అప్పుడు తెలిసింది. దాని కింద పనిచేసేవాళ్ళున్నారు. బొబ్బలెక్కిన మెడ ఉంది. అయినా సరే, లేచిపోవాలని కూర్చున్నాను.

జూలై 15

పొద్దున టీ పెడుతుంటే వెళ్ళాను. అమ్మ ఇంకా లేవలేదు.

"నిలబడిందటగా" అన్నాను.

"ఊఁ."

"ఆ మాట వినగానే నాకు ముందు బాధేసింది."

స్టవ్ తగ్గించింది. నా వైపు తిరగలేదు.

"సంతోషం తర్వాత వచ్చిందా?" అంది.

"లేదు. తర్వాత సిగ్గేసింది. సంతోషం ఇంకా రాలేదు."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఆ రోజు ఈల దానికేనా?" అంది.

"దానికే."

"అడిగితే కాదన్నారు."

"అబద్ధం చెప్పాను."

"మీ గుణం మారుతుందని నేనేం అనుకోవడం లేదు" అంది. "ఇన్నేళ్ళు కాపురం చేశాను, మీకు ఓడిపోవడం రాదు. కానీ నాకు తెలియకుండా నా పక్కన కూర్చోవద్దు. కుళ్ళుకోవాలనిపిస్తే కుళ్ళుకోండి. నాతో చెప్పి కుళ్ళుకోండి."

అంటే ఏం చేయాలో తెలియలేదు. "ఇప్పుడు కూడా కుళ్ళుకుంటున్నాను" అన్నాను.

ఆమెకి నవ్వు రాబోయింది. ఆపుకుంది. టీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి నా వైపు జరిపి, తనది తీసుకుని పాపని లేపడానికి వెళ్ళిపోయింది.

జూలై 17

ఆమె ఇంకా పాప గదిలోనే పడుకుంటోంది.

జూలై 20

"పెద్ద పొగగొట్టానికి రేపటినుంచి పూత" అంది, పాప బట్టలు మడతపెడుతూ. "అతుకుల దగ్గర మందం కొలవడానికి నమ్మకమైన మనిషి కావాలి. పెద్దసారుని అడిగాను. మిమ్మల్ని తీసుకెళ్ళమన్నారు."

"ఆయనే అన్నారా?"

"నేనే అడిగాను. కానీ అక్కడ నేను చెప్పినట్టు చేయాలి. మధ్యలో మీ తెలివి వద్దు."

సరేనన్నాను. ఆ 'మీ తెలివి' అన్న మాట ఒక పూటంతా గుచ్చుకుంది. సాయంత్రం అదే ఆమెతో చెప్పాను. "గుచ్చుకోవాలనే అన్నాను" అంది.

జూలై 23

పొగగొట్టం చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టారు. పై వరసలో నేను, కింద కాగితాలతో ఆమె. నిన్నటి పూత ఆరింది. మందం కొలిచే మీటరు ఆనించి అంకె అరిచి చెబుతాను, ఆమె రాసుకుంటుంది. చాలాచోట్ల బాగానే ఉంది. అతుకుల దగ్గరకొచ్చేసరికి మొదలైంది. ప్రతిచోటా బ్రష్ ఆగి రెండుసార్లు రుద్దిన గుర్తు.

"ఇక్కడ ఎక్కువుంది!" అని అరిచాను.

"ఎంత?"

చెప్పాను.

"గీకించండి!"

ఇంకో అతుకు. అక్కడా ఎక్కువే. మూడో అతుకు దగ్గర అంకె హద్దుకి చాలా దగ్గరగా ఉంది. దాటిందా లేదా అన్నట్టుంది. కొత్త పాళ్ళతో ఆ కొంచెం తట్టుకోవచ్చు కూడా. అంకె చెప్పకుండా దాటిపోతే ఎవరికీ తెలియదు. మీటరు అలాగే పట్టుకుని నిలబడ్డాను. నాలో ఏముందో నాకు బాగా తెలుసు, అది ఎక్కడికీ పోలేదు. ఈ ఒక్క అతుకు లేచిందంటే, మళ్ళీ ఆ బల్ల, మళ్ళీ ఆ ప్లేటు, ఈసారి నా చేతిలో ఏమీ ఉండదు, ఎవరూ నన్ను ఏమీ అనలేరు.

"ఏమైందండీ?" అంది కిందనుంచి. ల్యాబ్ మనుషులు చుట్టూ ఉన్నా 'సార్' అనలేదు.

"ఇక్కడా ఎక్కువే. కొంచెమే ఎక్కువ. ఇదీ గీకాల్సిందే!"

పూత వేసిన మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని తల పైకెత్తాడు. పొద్దుటినుంచీ అతని మనుషులు వేసింది గీకడమే సరిపోయింది. ఆమె దగ్గరికి వెళ్ళి, నాకు వినపడుతుందని తెలిసే, "ఎవరు మేడమ్ ఆయన? అతుకు అతుక్కీ ఆపుతున్నాడు. ఇలాగైతే పనెప్పటికి తెమలాలి?" అన్నాడు.

"మా ఆయన" అంది, కాగితం మీద అంకె రాసుకుంటూ. "ముందే చెబుతున్నాడుగా, సంతోషించు."

మేస్త్రీకి ఏమీ అర్థం కాలేదు. గొణుక్కుంటూ ఒకడికి గీకే రేకు ఇచ్చి పైకి పంపాడు. ఆమె తలెత్తలేదు. మొహం కాలిపోతూ ఉండగా తర్వాతి అతుకు దగ్గరికి జరిగి మీటరు ఆనించాను.